గరిటె తిప్పినా అడుగే: ఆరు వారాలు కట్టుకున్న వాచీ గురించి

మా ఊరి నడిబొడ్డున గడియారం సెంటర్ ఉంది. నల్లగొండలో ఎవరికి దారి చెప్పాలన్నా మాట అక్కడి నుంచే మొదలవుతుంది. అలాంటి ఊళ్లో ఉంటూ నలభై ఏడేళ్లు చేతికి వాచీ లేకుండా గడిపాను. నాది కర్రీ పాయింట్. పప్పు ఎన్ని కూతలకు ఉడుకుతుందో తెలిసినవాళ్లకు టైముతో పెద్దగా పని ఉండదు.

సంక్రాంతికి వచ్చిన మా అమ్మాయి నా చేతిలో చిన్న అట్టపెట్టె పెట్టింది. తను హైదరాబాద్‌లో స్టాఫ్ నర్సు. అంతకు పదిహేను రోజుల ముందు బస్తీ దవాఖానాలో నా బీపీ 152/96 వచ్చింది. మళ్లీ రెండుసార్లు చూశారు, 140/90కి దిగలేదు. మాత్ర రాశారు, ఉచితంగానే ఇస్తున్నారు. ఆ సంగతి ఫోన్లో చెప్పినందుకు వచ్చిన బహుమతి ఈ వాచీ. అడుగులు లెక్కపెడుతుంది, నిద్ర చూస్తుంది, గుండె వేగం, ఒత్తిడి, బీపీ అన్నీ చెబుతుందని పెట్టె మీద రాసి ఉంది. ఆన్‌లైన్‌లో 1,899 రూపాయలట. కంపెనీ పేరు రాయను. ఈ ధరలో దొరికేవన్నీ ఒకే తానులో ముక్కలు, ఒకదాన్ని తిట్టి మరొకదాన్ని వదిలేయడం న్యాయం కాదు.

ముందు చిన్న చిన్న విషయాలు చెప్పేస్తాను. చార్జింగ్ వారం రోజులు వస్తుందన్నారు, నాలుగో రోజు పొద్దుటికే చచ్చిపోతుంది. రబ్బరు పట్టీ కింద చెమట చేరి మణికట్టు దురద పెడుతుంది. పసుపు పడితే పట్టీ రంగు మళ్లీ రాదు, నాది ఇప్పుడు ఆవకాయ జాడీ మూత రంగులో ఉంది. తడి తగిలినా ఫరవాలేదన్న మాట మాత్రం నిజమే, గిన్నెలు తోమినా ఆగలేదు. తెలుగులో మెసేజ్ వస్తే అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తాయి. "రెండు పప్పు, ఒక బెండకాయ ఫ్రై, అక్కా" అని ఎవరో ఆర్డర్ పంపితే వాచీలో ఒక వరుస ఖాళీ గదులు. అది చూడటానికి మళ్లీ ఫోను తీయాల్సిందే.

ఇక అడుగుల సంగతి. మొదటి రోజు రాత్రి షట్టర్ దించి చూస్తే 14,620. ఆ రోజు నేను కొట్టు దాటి బయటికి పోలేదు. మరుసటి రోజు గుత్తి వంకాయ మసాలా వేయిస్తూ ఒక కన్ను వాచీ మీద పెట్టాను. గరిటె పదిసార్లు తిప్పితే ఏడెనిమిది అడుగులు పడుతున్నాయి! పులిహోర కలిపితే ఇంకా ఉషారుగా పరుగెత్తింది. అదే కూరగాయల మార్కెట్ నుంచి రెండు చేతుల్లో రెండు సంచులు మోసుకుంటూ ఆటో దాకా నడిస్తే, చెయ్యి ఊగలేదు కాబట్టి, ఆ నడకలో సగం కూడా లెక్కలోకి రాలేదు. లోపల ఉన్నది చేతి కదలికను పట్టుకునే చిన్న యంత్రం. కాళ్లు ఏం చేస్తున్నాయో దానికి తెలియదు, చెయ్యి ఊగితే నడుస్తున్నారని అనుకుంటుంది. ఇరవై కిలోల బరువు మోస్తే సోమరి, నిలబడి గరిటె తిప్పితే క్రీడాకారిణి.

రోజుకు పదివేల అడుగుల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో మా అమ్మాయి చెప్పినప్పుడు ఇంకా నవ్వొచ్చింది. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత, 1965లో జపాన్‌లో ఒక కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు అమ్మింది. దాని పేరు మాన్పో-కెయి, అంటే పదివేల అడుగుల మీటరు. అంకె పుట్టింది ఆ పేరులో, డాక్టరు చీటీలో కాదు. అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న పదహారు వేల మందికి పైగా ఆడవాళ్లను గమనించి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు తక్కువగా ఉన్నాయట. 7,500 దాటాక అదనంగా ఒరిగిందేమీ కనిపించలేదట. ఇది తెలిశాక రాత్రి పదింటికి మంచం చుట్టూ తిరిగి లెక్క పూర్తి చేయడం మానేశాను. అవును, మూడు రోజులు చేశాను. మా అత్తమ్మ చూసి, దిష్టి తీయాలా అని అడిగింది.

బీపీ చూపించే మీట ఒకటి ఉంది. నొక్కినప్పుడల్లా 118/77, 120/78, ఇలా పుస్తకంలో అచ్చేసినట్టు వస్తుంది. అదే పూట దవాఖానాలో భుజానికి పట్టా చుట్టి చూస్తే 146. అనుమానం వచ్చి వాచీ విప్పి సొరకాయకు కట్టాను. కాసేపు ఆలోచించి నాడి 74 అంది. బీపీ 117/76. వెనక ఆకుపచ్చ లైటు వెలుగుతుంది కదా, అది చర్మంలోకి పోయి తిరిగొచ్చే వెలుతురులో తేడాను బట్టి నాడి లెక్కగడుతుందట. ఎదురుగా ఏదో ఒకటి ఉండి వెలుతురు తిరిగొస్తే చాలు, అది ఏదో ఒక అంకె చెబుతుంది. పెద్దవాళ్లు ఎవరైనా ఈ అంకె చూసి మాత్ర మానేస్తే ఏమవుతుందో ఆలోచించండి. నవ్వే విషయం కాదు. ఆ సొరకాయను మధ్యాహ్నం పప్పులో వేశాను.

అసలు చెప్పాలనుకున్నది ఇక్కడి నుంచి.

డాక్టరు గారు నాకు మూడు మాటలు చెప్పారు. రోజూ అరగంట నడవండి, ఉప్పు తగ్గించండి, టెన్షన్ పడకండి. వాచీ కూడా అటూ ఇటుగా ఆ మూడే చెబుతుంది, చేతి మీద గుర్రుమంటూ. రెండింటిలోనూ తప్పు లేదు. కానీ ఆ మూడూ నా ఒక్కదాని చేతిలో ఉన్నట్టు మాట్లాడతారు.

నడకే తీసుకోండి. నేను నాలుగున్నరకు లేస్తాను. పదకొండింటికి తొమ్మిది రకాలు సిద్ధం కావాలి. ఎన్జీ కాలేజీ గ్రౌండులో పొద్దున్నే ఎంతమంది నడుస్తారో చూశాను, చూసి సంతోషించాను కూడా. ఆ వేళకు అంత తీరిగ్గా చేతులు ఊపుతూ నడిచేవాళ్లలో సగం మందికి ఇంట్లో ఎవరో టిఫిన్ చేస్తూ ఉంటారు. నేను నడవగలిగేది రాత్రి తొమ్మిదిన్నర దాటాకే. మా వీధి చివర రెండు లైట్లు వెలగవు, కుక్కలు ఉన్నాయి. వాటికంటే పెద్ద బెడద, "ఇంత రాత్రి ఒక్కదానివే ఎక్కడికి?" అనే ప్రశ్న. ఒకే మనిషి వారంలో నాలుగుసార్లు అడిగితే ఐదో రోజు కాళ్లు వాటంతట అవే ఆగిపోతాయి. వాచీ మాత్రం "లక్ష్యం చేరలేదు" అని చూపించింది.

తర్వాత ఎదురింటి వదిన వస్తానంది. ఆమెకు షుగరు. కిరాణా కొట్టు అక్క కూడా కలిసింది, ఆమెకు కోడలితో పడదు. ముగ్గురం అయ్యాక ఎవరూ ఏమీ అడగడం లేదు. కుక్కలు కూడా లేచి పక్కకు పోతున్నాయి. ఒక ఆదివారం కొట్టు మూసి పానగల్ దాకా వెళ్లి ఉదయసముద్రం కట్ట మీద నడిచాం. సూర్యుడు నీళ్లలోకి దిగేదాకా కిరాణా అక్క కోడలి గురించి మాట్లాడుతూనే ఉంది. వాచీ లెక్కలో 6,100 అడుగులు. ఆమె లెక్కలో అయితే మూడేళ్ల భారం.

కూర్చోవడం గురించి కూడా చెప్పాలి. గంటసేపు కదలకపోతే ఇది చేతిని కుదిపి "లేచి కదలండి" అంటుంది. పొద్దున నాలుగున్నర నుంచి నిలబడ్డ నేను కూర్చునేది మధ్యాహ్నం మూడు దాటాక. సాయంత్రం కూరలకు వెల్లుల్లి ఒలుస్తూ గంట, గంటంబావు. సరిగ్గా అప్పుడే కుదుపుతుంది. నా జీవితంలో నేను కూర్చున్నందుకు నన్ను తిట్టిన రెండో మనిషి ఇది. మొదటి ఆవిడ పేరు రాస్తే ఇంట్లో గొడవవుతుంది.

ఉప్పు సంగతి వాచీ చూడలేదు. నేనే కొట్టు తూకం మీద చూశాను. ఐదు కిలోల ఆలుగడ్డ టమాట కూరలో నేను వేసే ఉప్పు 60 గ్రాములు. రెండు వందల గ్రాముల ప్యాకెట్లు ఇరవై ఐదు అవుతాయి, అంటే ప్యాకెట్‌కు 2.4 గ్రాములు. పప్పు ప్యాకెట్‌లో దాదాపు రెండు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజు మొత్తానికి చెప్పేది ఐదు గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచా. ఇద్దరు మనుషులు పూటకో కూర ప్యాకెట్, పప్పు ప్యాకెట్ పంచుకుంటే రెండు పూటలకు మనిషికి 4.4 గ్రాములు. ఇంకా పచ్చడి వేసుకోలేదు, పొద్దున ఇడ్లీ తినలేదు, సాయంత్రం మిర్చి బజ్జీ తినలేదు. ఇక నేను? తొమ్మిది గిన్నెలు రుచి చూస్తాను, ఒక్కొక్కటి రెండుసార్లు.

ఒక సోమవారం 60ని 45 చేశాను. మధ్యాహ్నానికి ఐదుగురు, "అక్కా, ఇవాళ కూర చప్పగా ఉంది" అన్నారు. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు గది అద్దెకు తీసుకుని మా వీధిలో చాలామంది ఉంటారు. బుధవారానికి వాళ్లలో ఇద్దరు పక్క వీధి పాయింట్‌కు పోయారు. ఉప్పు తగ్గించమని నాకు చెప్పేవాళ్లు ఆ ఇద్దరి నెల ఖాతా కట్టరు కదా. మళ్లీ 55కు వచ్చాను. ఇప్పుడు వారానికి రెండు గ్రాముల చొప్పున దించుతున్నాను, చింతపండు పులుపు కాస్త పెంచాను. ప్రస్తుతం 51. ఇది రాసినట్టు మా గిరాకీకి చెప్పకండి.

ఇక నిద్ర. ఫిబ్రవరిలో ఒక రాత్రి పదకొండున్నర నుంచి నాలుగున్నర దాకా కన్ను మూయలేదు. పక్కన అత్తమ్మ నిద్రపోతోంది, ఆమె లేవకూడదని కదలకుండా పడుకున్నాను. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను. మూడే ఉన్నాయి, వాటినే లెక్కపెట్టాను. పొద్దున వాచీ చూస్తే "నిద్ర: 4 గంటల 40 నిమిషాలు, ఎక్కువ భాగం తేలికపాటి నిద్ర" అని ఉంది. కదలకుండా పడుకున్న మనిషిని నిద్రపోతున్నట్టే అనుకుంటుంది. మా ఆయన కూడా అంతే. మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమాస్తా, సీజన్లో వారానికి రెండుసార్లు ఇంటికొస్తాడు. నేను పడుకుంటే నిద్రపోయాననే అనుకుంటాడు.

ఆ రాత్రి ఆలోచన డైలీ ఫైనాన్స్ గురించి. ఫ్రిజ్ చెడిపోతే తీసుకున్నాను. చేతికిచ్చేది పదిహేడు వేలు, రోజుకు రెండు వందల చొప్పున వంద రోజులు కట్టాలి. వసూలు చేసే అబ్బాయి రాత్రి ఎనిమిదీ నలభైకి వస్తాడు. మర్యాదస్థుడే, "అక్కా" అనే పిలుస్తాడు. గిరాకీ లేని రోజు మాత్రం బండి ఆపి, ఇంజన్ ఆపకుండా నిలబడతాడు. వాచీలో ఒత్తిడి అంకె ఒకటి నుంచి నూరు దాకా ఉంటుంది. పద్దు పుస్తకం వెనక పేజీలో పది రోజులు రాసుకున్నాను. ఎనిమిదిన్నర తర్వాత ఎప్పుడూ 80కి తగ్గలేదు. అప్పుడు "గట్టిగా ఊపిరి తీసుకోండి" అని ఒక బొమ్మ పువ్వు వికసిస్తుంది. తీసుకున్నాను. బండి అక్కడే ఉంది.

ఫిబ్రవరి చివర్లో పొదుపు సంఘం నుంచి బ్యాంకు రుణం వస్తే మిగతా బాకీ ఒకేసారి కట్టేశాను. ఆ వారం అదే వేళకు అంకె 50ల్లో ఉంది. సొరకాయకు నాడి చూపించిన వాచీ మాటను సాక్ష్యంగా తీసుకోను గానీ, నా మెడ నొప్పి కూడా అదే చెప్పింది.

మా అమ్మది మర్రిగూడ వైపు. నా చిన్నప్పుడు ఊరికి ఎవరు వచ్చినా, ఈ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, తాగకండి అని చెప్పి పోయేవారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం, మా దగ్గర అంతకు ఎన్నో రెట్లు. కాచి తాగితే పోయేది కాదు ఫ్లోరైడ్, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి దాన్ని తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని దేశమంతా పాఠం చెబుతారు. పేరు మాది, వంగిపోయిన నడుమూ మాదే. తాగొద్దన్న ప్రతివాళ్లనూ మా అమ్మ ఒకటే అడిగేది, "మరి ఏ నీళ్లు తాగమంటారు బిడ్డా?" కృష్ణా నీళ్లు ఇంటికి వచ్చేనాటికి ఆమె మోకాళ్లు చాపలేకపోయింది. టెన్షన్ పడకండి అని ఎవరన్నా నాకు అమ్మ ప్రశ్నే నోటిదాకా వస్తుంది.

ఒక సేవ గురించి మాత్రం మనసారా మంచి మాట రాయాలి, అది వాచీ పెట్టెలో రాలేదు. ఉల్లిపాయలు కోసే పనిలో ఒక సౌకర్యం ఉంది, ఏడ్చినా ఎవరూ ఎందుకని అడగరు. ఆ ఫిబ్రవరిలో నేను మూడు వారాలు ఆ సౌకర్యం వాడుకున్నాను. అవసరానికి మించి ఉల్లిపాయలు కోస్తున్నానని మా దగ్గర పనిచేసే అమ్మాయి పట్టేసింది. దవాఖానా గోడ మీద చూసిన నంబరు గుర్తుంది, 14416. టెలి మానస్ అంటారు, మనసులో బాధ చెప్పుకునే హెల్ప్‌లైన్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. గోదాంలో బియ్యం బస్తాల మధ్య కూర్చుని చేశాను. తెలుగులోనే మాట్లాడింది ఒక అమ్మాయి. సలహాలు మొదలుపెడుతుందని చెవి ఒగ్గి కూర్చుంటే ప్రశ్నలే అడిగింది. అప్పు ఎంత, ఇంట్లో ఎవరికి తెలుసు, నిద్ర ఎలా ఉంది, చచ్చిపోవాలని అనిపిస్తోందా. ఆఖరిదాన్ని కూర ధర అడిగినంత మామూలుగా అడిగింది, అందుకే నేనూ దాచకుండా చెప్పగలిగాను. లేదు అన్నాను, నిజంగానే లేదు. అవసరమైతే మానసిక వైద్యులతో మాట్లాడిస్తామని చెప్పింది. ఆ తర్వాత, "అమ్మా, మీరు అన్నం ఎవరితో కలిసి తింటారు?" అంది.

రోజుకు వంద ఇళ్లకు కూర పంపే మనిషిని నేను. జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. మూడింటికి గిన్నె అడుగున మిగిలినదాంట్లో నాలుగు ముద్దలు కలుపుకొని, స్టవ్ దగ్గరే నిలబడి తింటాను. ఎన్నేళ్ల నుంచో లెక్క లేదు.

ఇదంతా తర్వాత మా అమ్మాయికి చెబితే తిట్టలేదు. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్టు తేలిందనీ, వాళ్లలో ఎక్కువ మంది ఏ చికిత్సకూ పోలేదనీ చెప్పింది. నూటికి పది అంటే మా నెల ఖాతాల్లో ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టాను. ఖాతా సగంలో ఆపి మళ్లీ రానివాళ్ల మీద కోపం కొంచెం తగ్గింది.

ఇప్పుడు నేను, పనిచేసే అమ్మాయి మూడింటికి షట్టర్ సగం దించి, చాప వేసుకుని తింటున్నాం. ఆమె చారు లేనిదే లేవదు, కాబట్టి నేనూ లేవలేను. వెల్లుల్లి ఒలిచే వేళకు ఎదురింటి వదిన వస్తుంది. రోజు మొత్తంలో ఒత్తిడి అంకె అన్నిటికంటే తక్కువ ఉండేది ఆ గంటలోనే, 30ల్లో. వాచీ "లేచి కదలండి" అని గుర్రుమనేది కూడా ఆ గంటలోనే.

కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు: ఐదుకు రెండు మార్కులు. బీపీ ఉన్నవాళ్లు ఆ డబ్బుకు భుజానికి పట్టా చుట్టి చూసే మిషన్ కొనుక్కోండి, ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది. వంటపని చేసేవాళ్లు అడుగుల లెక్క అసలు నమ్మకండి. నిద్ర పట్టిందో లేదో మీకే బాగా తెలుసు. తప్పక కొంటే గుడ్డ పట్టీ ఒకటి విడిగా తెప్పించుకోండి, రబ్బరుది పనికిరాదు.

రెండో మార్కు ఎందుకు వేశానంటే, ఈ వాచీ లెక్కలు మా అమ్మాయి ఫోన్లో కూడా కనిపిస్తాయి. ముందు తెలియలేదు, తెలిశాక నామోషీగా అనిపించింది. రాత్రి డ్యూటీలో ఉండి రెండింటికి చూసుకుంటుంది కాబోలు, పొద్దున ఏడింటికి ఫోన్ చేసి, "అమ్మా, రెండింటికి లేచావా?" అంటుంది. పండగలకు తప్ప ఫోన్ చేయని పిల్ల ఆరు వారాలుగా రోజూ చేస్తోంది. రెండు నిమిషాలే. ఉప్పు ఎన్ని గ్రాములకు దించావు అని అడుగుతుంది, నేను తను ఏం తిందో అడుగుతాను.

పోయిన వారం దురద ఎక్కువై వాచీ విప్పేశాను. మేకుకు తగిలించి ఉంచితే పనిచేసే అమ్మాయి ముచ్చటపడింది, కట్టుకోమన్నాను. ఇరవై రెండేళ్ల పిల్ల, ఒకచోట నిలవదు. మొన్న శనివారం వాళ్ల బంధువుల పెళ్లి బరాత్‌లో దాంతోనే డాన్సు చేసిందట. ఆదివారం పొద్దున ఏడింటికి ఫోన్ మోగింది.

"అమ్మా, నిన్న ముప్పై ఒక్క వేల అడుగులు! రాత్రి ఒంటిగంటకు గుండె వేగం 160! ఏం చేశావు?"

ఇంకా చెప్పలేదు.